కట్టడం పూర్తికాని రోలర్ కోస్టర్‌ను చూడటానికి సెడార్ పాయింట్‌కు

2023లో మా అబ్బాయికి పదమూడేళ్లు నిండాయి. పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే, మూతపడిన రోలర్ కోస్టర్‌ను చూపించమన్నాడు. ఒహాయోలో ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన నేలమీద ఉన్న సెడార్ పాయింట్ అనే వినోద పార్కులో టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ అనే రైడ్ ఉండేది. 2003లో మొదలైంది. 420 అడుగుల ఎత్తు, గంటకు 120 మైళ్ల వేగం. మొత్తం ప్రయాణం పట్టుమని పదిహేడు సెకన్లు. 2021 ఆగస్టు 15న దాని బండి నుంచి ఊడిన ఇనుప ముక్క తగిలి, వరుసలో నిలబడిన ఒక మహిళ తీవ్రంగా గాయపడింది. ఆ రోజుతో అది ఆగిపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో దాన్ని పాత రూపంలో ఇక నడపబోమని పార్కు ప్రకటించింది. కొత్త రూపం ఏమిటో మాత్రం చెప్పలేదు. అభిమానుల ఊహలన్నీ అక్కడే మొదలయ్యాయి.

కొలంబస్‌లో మా ఇంటి నుంచి కారులో రెండు గంటల పైచిలుకు దారి. పొదుపు చేద్దామని మొదటి రాత్రికి పార్కు ఉన్న ఊరు సాండస్కీలో హైవే పక్కన ఒక చవక మోటెల్ తీసుకున్నాను. గదిలో తడి కంబళి వాసన. ఏసీ రాత్రంతా దడదడలాడింది. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, కానీ పొద్దున చూస్తే పక్క గది తాళం వేసే ఉంది. అంతకన్నా పెద్ద నష్టం ఉదయం తెలిసింది. పార్కుకు వెళ్లే వంతెన దారిలో కార్లు బారులు తీరాయి, గేటు దాటేసరికి ఎండ ముదిరింది.

రెండో రాత్రి పార్కు వారి హోటల్ బ్రేకర్స్‌లో దిగాం. 1905 నాటి హోటల్ అది. దాదాపు మూడు రెట్లు ఎక్కువ చెల్లించాను, ఆ డబ్బు గురించి ఒక్క క్షణం కూడా బాధపడలేదు. తలుపు తీస్తే ఇసుక, ఇసుక దాటితే సరస్సు. అక్కడ బస చేసినవారిని అప్పట్లో కొన్ని రైడ్లకు మిగతావారికంటే గంట ముందే లోపలికి వదిలేవారు. మిలీనియం ఫోర్స్ లాంటి పెద్ద రోలర్ కోస్టర్లకు ఆ ఒక్క గంట, మధ్యాహ్నం పూట మూడు గంటల సమయంతో సమానం. పిల్లలతో వెళ్లేవారు రెండు రాత్రులు బయట ఉండే బదులు ఒక్క రాత్రి లోపల ఉండండి.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. శాకాహారులకు పిజ్జా, వేయించిన బంగాళాదుంప ముక్కలు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఆ ముక్కలు మాత్రం వినిగర్ చల్లి ఇస్తారు, చాలా బాగుంటాయి. మేము పులిహోర కారులోనే ఉంచి, మధ్యాహ్నం చేతిమీద ముద్ర వేయించుకుని బయటికి వచ్చి తిన్నాం. తినుబండారాల కొట్లలో అడిగితే మంచినీళ్లు ఊరికే ఇస్తారు.

ఇక అసలు విషయం. డ్రాగ్‌స్టర్ దగ్గరికి వెళితే నేలమీద ఉండే పొడవాటి ట్రాక్ లేదు. ఆకాశంలోకి లేచి తలకిందులైన యూ ఆకారపు గోపురం ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టూ ఎత్తైన కంచె. ఆ కంచె సందుల్లోంచి చూస్తూ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒక పెద్దాయన, ఎండకు రంగు వెలిసిన డ్రాగ్‌స్టర్ టోపీ పెట్టుకుని, మా అబ్బాయిని పిలిచి చోటిచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఏటా వస్తున్నాడట.

"ఇక్కడినుంచి సగమే కనిపిస్తుంది. మాగ్నం ఎక్కండి. గొలుసు పైకి లాగుతున్నంతసేపూ అటే చూడండి" అన్నాడాయన.

మాగ్నం 1989 నాటిది. ఎత్తు 205 అడుగులు, బయల్దేరిన చోటికే చుట్టి వచ్చే రోలర్ కోస్టర్లలో రెండు వందల అడుగులు దాటిన మొదటిది అదే. గొలుసు టకటకమంటూ నిదానంగా లాగుతుంది కాబట్టి చూడటానికి వ్యవధి దొరుకుతుంది. ఒకవైపు నీలంగా సరస్సు. మరోవైపు కంచె లోపల తవ్విపోసిన మట్టి, తెల్లటి కాంక్రీటు దిమ్మలు, వాటి తలలమీద వలయంగా నిలబెట్టిన బోల్టులు. ఫోను తీసే వీలు లేదు. దిగి వస్తూనే మా వాడు పెదవులు కదుపుతూ దిమ్మలు లెక్కపెట్టుకుంటున్నాడు, మరిచిపోతానేమోనని. ఆ రాత్రి హోటల్ కాగితంమీద అంతా గీశాడు.

కంచె దగ్గర వాదనలు రెండు రకాలుగా సాగాయి. పాత డ్రాగ్‌స్టర్‌ను నూనె, నైట్రోజన్ పీడనంతో నడిచే యంత్రం ఒక తాడుతో లాగి, నాలుగు సెకన్లలోపే 120 మైళ్ల వేగానికి చేర్చేది. ఆ యంత్రం బదులు విద్యుదయస్కాంతాలు పెడతారని అందరూ ఒప్పుకున్నారు. మరి అంత కొద్ది దూరంలో అయస్కాంతాలు అంత వేగం ఇవ్వగలవా? ఇవ్వలేవు కాబట్టి ఎత్తు తగ్గించేస్తారని ఒక కుర్రవాడి వాదన. పెద్దాయన ఒప్పుకోలేదు. పాత రైడ్‌లో ఎదురుగాలికో చలికో బండి ఒక్కోసారి శిఖరం దాటలేక వెనక్కి జారి వచ్చేది. అలా జారడం అభిమానులకు పండగ, దానికోసమే మళ్లీ మళ్లీ ఎక్కేవారు. "ఆ జారుడునే ఈసారి కావాలని చేస్తారు. వెనక ఇంకో గోపురం లేస్తుంది చూడండి. బండి ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు ఊగుతూ వేగం పుంజుకుంటుంది" అన్నాడు. ఉయ్యాల ఊపినట్టన్నమాట. మా వాడికి అది వెంటనే అర్థమైంది. ఆ బోల్టుల వలయాలు అంత వెడల్పుగా ఎందుకున్నాయో కూడా అర్థమైంది. వెనక గోపురాన్ని తన కాగితంమీద ముందుదానిలో సగం ఎత్తుకు గీశాడు.

అప్పుడు ఒకమ్మ అడిగింది, గాయపడిన మహిళ సంగతి ఎవరైనా తలుస్తున్నారా అని. అందరూ మాటలు ఆపేశారు. ఆ ప్రశ్న అడగవలసిందే. ఒహాయోలో రైడ్ల తనిఖీ రాష్ట్ర వ్యవసాయ శాఖ చేస్తుంది. జనం నిలబడే వరుస ట్రాక్‌కు ఎంత దూరంలో ఉండబోతుందన్నది నాకు గోపురం ఎత్తుకంటే ముఖ్యమైన ప్రశ్న అనిపించింది.

రెండు వారాల తర్వాత, ఆగస్టు 1న ప్రకటన వచ్చింది. టాప్ థ్రిల్ 2, తయారీ ఇటలీకి చెందిన జాంపెర్లా. మూడు లాంచ్‌లు, అంటే బండిని వేగంగా తోసే మూడు తోపులు: ముందుకు గంటకు 74, వెనక్కి 101, మళ్లీ ముందుకు 120 మైళ్లు. వెనక గోపురం కూడా 420 అడుగులే. పెద్దాయన చెప్పింది చెప్పినట్టే జరిగింది. ఒక్క తయారీదారు పేరు మాత్రం కంచె దగ్గర ఎవరి నోటా రాలేదు. చిన్నపిల్లల, కుటుంబాల రైడ్లకు పేరున్న సంస్థ ఇంత పెద్దది కడుతుందని ఎలా అనుకుంటాం? 2024 మే 4న రైడ్ మొదలై, వారం గడిచిందో లేదో బండ్లలో లోపమని ఆగిపోయింది. ఆ ఏడాది మళ్లీ నడవలేదు. చాలామంది కోప్పడ్డారు. నాకైతే ఆపినందుకు గౌరవం కలిగింది.

2025 వేసవిలో మళ్లీ వెళ్లాం. ఈసారి రెండు రాత్రులూ బ్రేకర్స్‌లోనే. ఫోన్లు, తాళాలు లాకర్‌లో పెట్టి గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం. మొదటి లాంచ్‌లో గోపురం సగం ఎక్కి వెనక్కి జారాం. రెండోది వీపు మీదుగా లాక్కుపోయింది. వెనక గోపురంమీద బండి వేగం తగ్గుతూ తగ్గుతూ ఒక్క క్షణం ఆగింది. మొహాలు నేలకు, బరువంతా తొడలమీద బిగించిన కడ్డీలకు. కింద, రెండేళ్ల క్రితం మట్టిలో చూసిన ఆ దిమ్మలు, వాటిమీద ఇప్పుడు నిలబడిన ఉక్కు కాళ్లు. మా వాడు ఒక చెయ్యి చాపి వాటిని చూపించాడు. మాట వినిపించలేదు. మూడో లాంచ్‌లో శిఖరం దాటుతున్నప్పుడు కనిపించిన సరస్సు నాకు ఇంకా కళ్లలోనే ఉంది.

డ్రాగ్‌స్టర్ ఒక్కసారిగా విసిరిన దెబ్బ దీంట్లో లేదు. ఆ మొదటి నాలుగు సెకన్లకోసం వచ్చేవారికి లోటు తెలుస్తుంది. నాకు మాత్రం ఆ వెనక గోపురం మీది ఒక్క క్షణమే ఎక్కువ నచ్చింది. ఒక్కటే ఎంచుకోమంటే ఇప్పటికీ అదే పార్కులోని స్టీల్ వెంజెన్స్ అనే రోలర్ కోస్టర్ అంటాను. అలసట తెలియకుండా రెండున్నర నిమిషాలు ఎగరేస్తుంది.

ఆ సాయంత్రం గదిలో మా వాడు పాత కాగితం తీశాడు, ఇంటినుంచే తెచ్చుకున్నాడట. వెనక గోపురం గీతలను స్కేలుతో పైకి పొడిగిస్తూ పోయాడు. కాగితం చాలలేదు, టేబుల్ మీదున్న ఇంకో కాగితం తెచ్చి పైన అతికించాడు.