ఊరి ఆసుపత్రికి ఆక్సిజన్: ప్లాంటు మేలా, లిక్విడ్ ట్యాంకు మేలా, సిలిండర్లు మేలా?

జంబో సిలిండర్ వాల్వు తిప్పే కీ మా వార్డులో ఒక్కటే ఉండేది. ఎక్కడా పోకుండా దానికి బ్యాండేజీ గుడ్డ కట్టి, డ్యూటీలో ఉన్న నర్సు మెడలో వేసుకునేది. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్ అప్పుడు, అర్ధరాత్రి దాటాక, వరండాలో సిలిండర్‌ని అంచు మీద దొర్లించుకొస్తున్న చప్పుడు వినిపిస్తే గానీ మాకు ప్రాణం లేచొచ్చేది కాదు.

అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు మొన్న ఫోన్ చేశారు. "అక్కా, మళ్లీ అలాంటి జబ్బు ఏదైనా వస్తే మన ఏరియా ఆసుపత్రి తట్టుకోవాలంటే ఏం కొనిమ్మంటావు?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఇలా అడిగేవాళ్లు ఇంకా ఉంటారని ఇక్కడ రాస్తున్నాను.

ముందు సిలిండర్ల లెక్క చూద్దాం. జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే ఒక్క పేషెంటుకి పన్నెండు గంటలు కూడా రాదు. 15 పెడితే ఎనిమిది గంటల్లోపే అయిపోతుంది. హై ఫ్లో మెషిన్ మీద 60 లీటర్లు ఇవ్వాల్సి వస్తే రెండు గంటలు నిలవదు. 30 మంది పేషెంట్లకి పదేసి లీటర్లు పెట్టామంటే రోజుకు అరవైకి పైగా సిలిండర్లు కావాలి. నింపుకు రావడానికి వెళ్తే అక్కడ చుట్టుపక్కల ఆసుపత్రులన్నీ అదే క్యూలో ఉంటాయి. అయినా సిలిండర్లు వద్దని నేను అనను. కరెంటు పోయినా, మోటారు చెడినా పనిచేసేది అదే. ఏ ఆసుపత్రికైనా సిలిండర్లన్నిటినీ ఒకే గొట్టానికి కలిపే మానిఫోల్డు గదిలో నిండు సిలిండర్లు వరసగా ఉండాల్సిందే, కానీ వాటి మీదే బతకలేం.

లిక్విడ్ ట్యాంకు చూస్తే కడుపు నిండుతుంది. మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే ఆక్సిజన్, ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది. 10 కిలోలీటర్ల ట్యాంకంటే 1,200 జంబో సిలిండర్లకు పైనే. ట్యాంకు నుంచి వార్డుకి రావడానికి మోటారు అక్కర్లేదు. రోహిణి కార్తె ఎండలో కూడా ద్రవాన్ని వాయువుగా మార్చే వేపరైజర్ గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. స్వచ్ఛత 99.5 శాతం. పెద్ద ఆసుపత్రికి, వెంటిలేటర్లు ఎక్కువున్న చోటికి దీన్ని మించింది లేదు.

కానీ ఆ ట్యాంకుకి ప్రాణం ట్యాంకరులో ఉంది. 2021లో దేశంలో ఆక్సిజన్‌తో పాటు దాన్ని మోసే బండ్లకూ కరువొచ్చింది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ట్యాంకర్లను రైలెక్కించి మహారాష్ట్రకు పంపారు. ఆ మర్నాడే ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో భువనేశ్వర్‌కు తీసుకెళ్లారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మే 10 రాత్రి ట్యాంకరు రావడం ఆలస్యమై ఒత్తిడి పడిపోయింది. 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఆ వార్త విన్న రాత్రి మా వార్డులో ఎవరం అన్నం ముట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. వాడినా వాడకపోయినా లిక్విడ్ కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో పది మందికి కూడా ఆక్సిజన్ అవసరం పడని ఆసుపత్రికి అది బరువే.

ఇక ప్లాంటు, అంటే గాలి నుంచే ఆక్సిజన్ వేరుచేసే పీఎస్ఏ. గాలిని కంప్రెసర్‌తో లాగి, జియోలైట్ గుళికలు నింపిన టవర్ల గుండా పంపిస్తే నైట్రోజన్ అక్కడ ఆగిపోతుంది, సుమారు 93 శాతం ఆక్సిజన్ ఇవతలికొస్తుంది. పేషెంటుకి అది చాలు. నిమిషానికి 500 లీటర్లు ఇచ్చే ప్లాంటు రోజంతా ఆడితే వంద జంబో సిలిండర్లకు సమానం, ఏ ట్యాంకరు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. పీఎం కేర్స్ నిధులతోనే దేశంలో 1,224 ప్లాంట్లు మంజూరయ్యాయి. అందుకే మా పిల్లలతో కొత్త ప్లాంటు వద్దన్నాను, చాలాచోట్ల ఉన్నదే ఆడటం లేదు గనక.

నేను చూసిన ఒక ప్లాంటు గది తాళం తీస్తే ముందు బూజు తగిలింది. మాక్ డ్రిల్ కోసం ఆన్ చేస్తే మీటరు మీద స్వచ్ఛత 80 దాటడానికి చాలాసేపు పట్టింది. వాడకుండా ఉంచితే, గాలిలో తేమ చేరితే జియోలైట్ పాడవుతుంది. ఫిల్టర్లు మార్చాలి, ఆయిల్ చూడాలి. కరెంటు పోతే కంప్రెసర్‌ని మోసే జనరేటర్ ఉండాలి. ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టిన పాత జనరేటర్ దాన్ని లాగలేదు. ఇవన్నీ చూసుకునే మనిషి ఆసుపత్రిలో ఒకడుండాలి.

గాలి నుంచే ఆక్సిజన్ తీసే చిన్న మెషిన్లు, కాన్సంట్రేటర్ల గురించి రెండు ముక్కలు. నిమిషానికి 5 లీటర్లు, పెద్దదైతే 10. ఊపిరి అందని పెద్ద పేషెంటుకి అది చాలదు. పీహెచ్‌సీలో న్యుమోనియా పిల్లలకి, ఆయాసంతో వచ్చే ముసలివాళ్లకి మాత్రం బాగా పనికొస్తుంది. వెనకున్న ఫిల్టరు వారానికోసారి కడగాలి, ఇన్వర్టర్ ఉండాలి.

కాబట్టి మా వంద పడకల ఆసుపత్రికి నా ఓటు ఇప్పటికే ఉన్న ప్లాంటుకే, అదీ రోజూ ఆడేలా చూసుకుంటేనే. డెలివరీ వార్డుకీ, చంటిపిల్లల గదికీ ఇవాళ కూడా ఆక్సిజన్ దాన్నుంచే వెళ్లాలి. అది ఆగితే వెంటనే అందుకోవడానికి నిండు సిలిండర్ల మానిఫోల్డు పక్కనే ఉండాలి. నెలకోసారి ప్లాంటు ఆపి సిలిండర్ల మీదికి మార్చి చూడాలి. బోధనాసుపత్రి అయితే లిక్విడ్ ముందు, ప్లాంటు దానికి తోడు.

కొత్త ప్లాంటు బదులు, ఉన్నదాన్ని ఆడించే జనరేటరూ, మెయింటెనెన్సూ చూడమన్నాను. పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. పేరు రాసిన కొత్త మెషిన్ ఇద్దామని వాళ్ల ఆశ. చివరికి, "సరే అక్కా, జనరేటరూ, మూడేళ్ల మెయింటెనెన్సు డబ్బూ మేం చూస్తాం, ఎంత సైజు కావాలో చెప్పు" అన్నారు. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు ఎంత లోడు లాగుతుందో కొలిచి రాసివ్వమని మా ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. ఈ శనివారం వస్తానన్నాడు.