నీళ్ల మూకుడా, చెరువు కట్టా? ఈ రెండు నెలలు పిట్టల్ని చూడ్డానికి ఏది మేలు

శివరాత్రి దాటిందంటే ఒకే ప్రశ్న పదిమంది పది రకాలుగా అడుగుతారు. పిట్టల్ని చూడాలంటే పొద్దున్నే లేచి వడ్డేపల్లి చెరువుకో ధర్మసాగర్‌కో పోవాలా, ఇంటెనుక నీళ్లు పెట్టుకుని కూర్చుంటే చాలదా? గింజలు చల్లితే రావా? ఆదివారం బండేసుకుని పాకాల పోతే ఎట్లుంటది? మోదుగు పూసినప్పటి నుంచి ఆవకాయకు కాయలు కొట్టించేదాకా, వరంగల్, హన్మకొండ చుట్టుపక్కల ఉండేవాళ్లకు పనికొచ్చే జవాబు ఇది.

ఈ లెక్క తేల్చేటప్పుడు అందరూ రకాలు లెక్కపెడతారు. చెరువు దగ్గర ఇన్ని రకాలు, ఇంటి దగ్గర ఇన్ని రకాలు అని. ఆ కొలతతో కొలిస్తే చెరువు ముందు పెరడు నిలవదు. కానీ జాబితాలో రాసుకున్నవాటిలో ఎన్నిటి కంటి మీది గీత చూశారు, ఎన్నిటి కాళ్ల రంగు చూశారు అని అడిగితే సగం పేర్లు కొట్టేసుకోవాల్సి వస్తుంది. నా మట్టుకు తేల్చాల్సింది వెలుతురు. సూర్యుడు మన వీపు వెనక ఉన్నాడా, పిట్ట వీపు వెనక ఉన్నాడా? మిగతావన్నీ దీని తర్వాతే.

ఉదాహరణకు ఉల్లంకి పిట్టలు. చెరువంచున బురదలో తోక ఊపుకుంటూ తిరిగేవాటిలో మనకు ఎక్కువగా కనబడేవి రెండు: వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్. మొదటిదానికి వీపంతా తెల్లటి చుక్కలు, కాళ్లు పసుపు కలిసిన రంగు, కనుబొమ లాంటి తెల్లగీత కన్ను దాటి వెనక్కి పోతుంది. రెండోదానికి వీపు ముదురు, తెల్లగీత కంటి దగ్గరే ఆగిపోతుంది. వెలుతురు మన వెనక నుంచి పడితే ఈ తేడా చూడ్డానికి అర నిమిషం చాలు. పిట్ట వెనక నుంచి వస్తే ఎంత ఖరీదైన బైనాక్యులర్ పెట్టినా రెండూ నల్లబొమ్మలే. పెరట్లో తేనెపిట్టలదీ ఇదే తంతు. మనకు కనబడే రెండు రకాల్లో ఒకదాని (పర్పుల్ సన్‌బర్డ్) మగపిట్ట ఈ రోజుల్లో ఒళ్లంతా నీలి నలుపుతో మెరుస్తుంటుంది. ఇంకోదాని (పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్) మగపిట్టకు వీపు ముదురెరుపు, పొట్ట పసుపు. ఎదురెండలో రెండూ మందారం కొమ్మ మీద నల్లచుక్కలు.

చెరువుకు పోయినవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. కట్ట మీద బండి ఎక్కడ ఆగితే అక్కడే నిలబడి చూస్తారు. కట్ట పడమర వైపున్న చెరువైతే పొద్దున ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, నీళ్ల మీది తళుకు దానికి తోడు. అట్లాంటి చెరువుకు సాయంత్రం 4:30 తర్వాత పోవాలి. తూర్పున కట్ట ఉన్నదానికి పొద్దున పోవాలి. ఇంట్లో కూర్చునే ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి కట్ట ఎటుందో, బండి ఆపే చోటు ఎటుందో చూసుకుంటే ఒక పూట కలిసొస్తుంది. మార్చి నడిమిలో మన దగ్గర సూర్యోదయం 6:20 ప్రాంతంలో, ఏప్రిల్ నడిమికి 6 గంటల లోపే. మొదటి రెండు గంటలే అసలు సమయం. 9 దాటితే నీళ్ల మీద, ఎండిన శిఖం (నీళ్లు తగ్గాక తేలే చెరువు నేల) మీద గాలి అలలు అలలుగా ఆడుతుంది. అప్పుడు దూరం పిట్ట పొగలో ఉన్నట్టే కనబడుతుంది. బైనాక్యులర్ ఎంత పెద్దగా చూపిస్తే ఆ అలను కూడా అంతే పెద్దగా చూపిస్తుంది.

ఫిబ్రవరిలో మాత్రం చెరువుదే పైచేయి, అందులో వాదన లేదు. సూదితోక బాతులు ఇంకా ఉంటాయి, మడుగు నిండా బొల్లికోళ్లు, బుడుబుంగలు. ఫిబ్రవరి నడిమిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా జనం పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం కూడా జరుగుతుంది. పేరులో పెరడున్నా చెరువు దగ్గర లెక్కపెట్టినా చెల్లుతుంది, కనీసం 15 నిమిషాలు ఒకచోట చూస్తే చాలు. మార్చిలో లెక్క మారుతుంది. వలస బాతులు ఒక్కొక్క గుంపే ఉత్తరానికి లేస్తాయి. నీళ్లు తూము దిగువకు పోతాయి, మత్తడి దగ్గర రాళ్లు తేలతాయి, మిగిలిన పిట్టలన్నీ శిఖం వైపు బురదంచుకు చేరతాయి. అంటే కట్ట నుంచి అవతలి కొసకు. దగ్గరికి పోవాలంటే శిఖంలోకి దిగాలి. బర్రెలు మేసే దారి వెంబడి పోతే మేలు, రోజూ మనుషులు నడిచేచోట పిట్టలు అంతగా బెదరవు. బురద పైకి ఎండినట్టు కనబడినా లోపల పచ్చిగా ఉంటుంది, చీలమండ దాకా దిగబడితే చెప్పు బురదకే.

శిఖంలో అసలు కాపలాదారు తీతువు పిట్ట. అది ఒక్క కూత పెట్టిందంటే చుట్టుపక్కల కాళ్లున్న పిట్ట ప్రతిదీ తలెత్తుతుంది. అప్పుడు ముందుకు పోకుండా ఉన్నచోటే కింద కూర్చుని పది నిమిషాలు ఆగాలి. తల మీదికి దూసుకొస్తుంటే దగ్గరలో గుడ్లున్నాయని అర్థం. మార్చి నుంచి అది నేల మీదే, రాళ్ల మధ్య, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవి గులకరాళ్ల రంగులోనే ఉంటాయి. వెతకబోతే తొక్కేది మనమే, వచ్చిన అడుగుల వెంటే వెనక్కి పోవాలి.

ఏప్రిల్‌లో చెరువుకు పోయేవాళ్లు గుడ్డికొంగనైనా ఆగి చూడండి. మిగతా కాలమంతా మట్టిరంగులో ఉండి ఎవరికీ పట్టని ఆ కొంగ, గూడు కట్టే కాలం దగ్గరపడే కొద్దీ వీపున ముదురు వక్కపొడి రంగు తెచ్చుకుంటుంది. వెలుతురు సరైన వైపు ఉంటేనే సుమా.

ఇక పెరడు. చెరువు దగ్గర వెలుతురు కోసం మనం చోటు మారాలి. పెరట్లో పిట్ట ఎక్కడ దిగాలో మనమే నిర్ణయిస్తాం. నేను పెరటి వైపు మొగ్గడానికి కారణం ఇదే. అయితే ఇక్కడ మన వాస్తు ఒక చిన్న చిక్కు పెడుతుంది. తూర్పు ముఖం ఇల్లయితే ముందు జాగా తూర్పున ఉంటుంది, చాలామంది మూకుడు అక్కడే పెడతారు. పొద్దున హాలు కిటికీలోంచి చూస్తే ఎండ సూటిగా ముఖం మీదికే. ఆ మూకుడు సాయంత్రానికి పనికొస్తుంది, పొద్దుటికి కాదు. వాస్తు పేరుతోనే ఉత్తరాన కూడా జాగా వదులుతారు కదా, మూకుడుకు అదే సరైన చోటు. ఏప్రిల్ చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త దక్షిణానికే ఉంటాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి చూసేవాళ్లకు ఎదురెండ బాధ చాలామటుకు తప్పుతుంది. ఉత్తరాన జాగా లేకపోతే పడమర పెరడు. పొద్దున ఇంటి నీడ పడుతుంది గనుక వెలుతురు మెత్తగా ఉంటుంది, నీళ్లూ తొందరగా వేడెక్కవు.

మూకుడు కుమ్మరి దగ్గర దొరికే వెడల్పాటి మట్టిదే కావాలి. అడుగు, అడుగున్నర వెడల్పు, లోతు రెండంగుళాలకు మించొద్దు. స్టీలు గిన్నె రెండు విధాల చెడ్డది: ఏప్రిల్ ఎండకు నీళ్లు కాగుతాయి, నున్నటి అంచు మీద పిట్ట కాలు నిలవదు. లోతు ఎక్కువైతే ఒక పక్కన గరుకు బండముక్క వేసి వాలు చేయండి. పికిలిపిట్ట నేరుగా నీళ్లలో దూకదు. ముందు బండ మీద దిగి, అటూ ఇటూ చూసి, ముక్కు ముంచి, ఆ తర్వాత పొట్ట దాకా దిగి రెక్కలు కొట్టుకుంటుంది. తోక కింది ఎరుపు, నడుం మీది తెలుపు విడివిడిగా కనబడేది అప్పుడే.

చోటు విషయంలో రెండు దూరాలు గుర్తుంటే చాలు. గుబురు మొక్కకు ఐదారడుగులు ఎడంగా: మరీ దగ్గరైతే పిల్లి మాటు వేస్తుంది, మరీ దూరమైతే తడిసిన పిట్ట ఎగిరి దాక్కోవడానికి చోటుండదు. మందారం, నందివర్ధనం, కరివేపాకు ఏదైనా సరే. కిటికీకి ఎనిమిది పది అడుగులు. అద్దంలో ఆకాశం కనబడే రకమైతే బెదిరిన పిట్ట దానికే వెళ్లి కొట్టుకుంటుంది, కాబట్టి బయటివైపు దోమల జాలీ ఉండాలి, లేదా కిటికీ రెక్కలు తెరిచి పెట్టాలి. గదిలో లైటు ఆపి, కిటికీకి రెండడుగులు లోపలికి జరిగి కూర్చుంటే బయటి పిట్టకు మనం కనబడం.

నిలిచిన నీళ్లకంటే చుక్క చుక్కగా పడే నీళ్లు పిట్టలను ఎక్కువగా లాగుతాయి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ సెట్ ఒకటి తెచ్చి, రెండు లీటర్ల సీసా మూతకు బిగించి, మూకుడుకు మూడడుగుల పైన కొమ్మకు తలకిందులుగా వేలాడదీయండి. సీసా అడుగున సూదితో చిన్న బెజ్జం పెట్టాలి, లేకపోతే కాసేపటికే లోపలికి గాలి అందక చుక్క ఆగిపోతుంది. ఈ సెట్లలో సాధారణంగా 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక చుక్క అయితే గంటకు 180 మిల్లీలీటర్లు, సీసా పదకొండు గంటలు వస్తుంది. పొద్దున 6 గంటలకు నింపితే సాయంత్రం దాకా చూసుకోనక్కర్లేదు. చుక్క మూకుడులో పడేముందు ఒక ఆకును తడిపేట్టు పెడితే ఇంకా మంచిది: తేనెపిట్టలు మూకుడులో దిగడం తక్కువ, తడి ఆకు మీద ఒళ్లు రుద్దుకుని స్నానం కానిచ్చేస్తాయి.

నీళ్లు రోజూ మార్చాలి. దోమకు గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం, పది రోజులు చాలు, కాబట్టి వారానికి రెండుసార్లైనా కొబ్బరిపీచుతో రుద్ది, బోర్లించి, ఎండలో ఆరనివ్వాలి. సబ్బు వద్దు. కాకులు ఎండు రొట్టెముక్కలు, కోడి ఎముకలు తెచ్చి ఇందులో నానేస్తాయి, వాటిని తిట్టుకుంటూ తీసెయ్యడం తప్ప మార్గం లేదు.

అన్నిటికంటే, చెరువు పనికిరాని వేళకే మూకుడు పనికొస్తుంది. ఉదయం ఒక విడత, 11:30 నుంచి 1:30 దాకా ఎండ మండేటప్పుడు రెండో విడత, సాయంత్రం మూడోది. నడిమి విడతలోనే గోరింకలు గుంపుగా వచ్చి నీళ్లన్నీ చిమ్మేస్తాయి, అవి పోయాక బెరుకు పిట్టలు దిగుతాయి. చుట్టూ మామిడి, వేప ఉన్న వీధుల్లో ఒక్కోసారి వంగపండు పిట్ట (గోల్డెన్ ఒరియోల్) కూడా.

గింజల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సజ్జలు, కొర్రలు, నూకలు పిడికెడు వేస్తే ఊరపిచ్చుకలు, మునియాలు, గువ్వలు వస్తాయి. వారం తిరిగేసరికి పావురాలు వాటిని తరిమేసి జాగా ఆక్రమిస్తాయి, రాత్రికి ఎలుకలు. పురుగులు, పండ్లు, తేనె తినేవి గింజల వైపు రావు, నీళ్లకు మాత్రం వాటిలో చాలా రకాలు వస్తాయి. పైగా పిచ్చుకలు కూడా గూట్లో పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే, కాబట్టి మన నూకలతో పిల్లలు పెరుగుతాయనుకోవద్దు. ఉప్పేసిన అన్నం అసలే వద్దు. అపార్టుమెంటు బాల్కనీ అయితే గింజల ఊసెత్తకుండా నీళ్లతో సరిపెట్టుకోండి, కింది ఫ్లోరు వాళ్లతో మాటలు పడకుండా ఉంటాయి.

పాకాల నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్ల దారి. గణపతిదేవుని కాలపు చెరువు, చుట్టూ అభయారణ్యం, మార్చికి ఆకురాలిన అడవి. ఆకు లేనందువల్ల పిట్ట బాగా కనబడుతుంది, ఎండుటాకు చప్పుడుకు మనమూ దానికి బాగా వినబడతాం. నడవకుండా పూసిన మోదుగుకో బూరుగుకో ఎదురుగా, ఎండ వీపుకు పెట్టుకుని కూర్చోవాలి. పలిస పిట్టల గుంపు దిగితే గులాబీ రంగు ఒళ్లు, నల్లటి తల కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోదగ్గ చోటే, రోజూ చూడ్డానికి కాదు. ఏటూరునాగారం, కవ్వాల్ అడవులు ఇంకో రోజు మాట.

బైనాక్యులర్ ఏది కొనాలన్నది కూడా ఈ ప్రశ్నకు తోకే. చెరువుకని 10×50 (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపేదీ, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో) కొన్నవాళ్లు పెరట్లో చిక్కుకుంటారు: ఆ రకం చాలావాటికి పదిహేను ఇరవై అడుగుల లోపలిది స్పష్టంగా కనబడదు, మన మూకుడేమో పదడుగుల్లో ఉంది. 8×42లో ఆరేడు అడుగుల దాకా దగ్గరగా చూపేవి దొరుకుతాయి, చెరువుకూ సరిపోతాయి. దుకాణంలో డబ్బు కట్టేముందు ఏడడుగుల దూరంలో ఒక అట్టపెట్టె పెట్టించి దాని మీది చిన్న అక్షరాలు చదవండి. మసకగా ఉంటే ఇంకో జత అడగండి.