హెడ్‌షాట్ 999 అన్నారు, 3,185 వదిలింది: ఫొటో తీయించుకునేముందు ఇది చదవండి

బెంగళూరులో లింక్డ్‌ఇన్ కోసమో, ఆఫీసు వెబ్‌సైట్ కోసమో ఫొటో తీయించుకోబోతున్న మనవాళ్ళకి ఈ పోస్టు. 'ప్రొఫెషనల్ హెడ్‌షాట్ (భుజాల వరకు తీసే ముఖం ఫొటో) 999 మాత్రమే' అన్న ఇన్‌స్టాగ్రామ్ యాడ్ చూసి ఇందిరానగర్‌లో ఒక స్టూడియోకి వెళ్ళాను. 3,185 రూపాయలు కట్టాను. చేతికొచ్చిన ఫొటో పనికి రాలేదు.

నా వైపు నుంచి తయారీలో లోటేమీ లేదు. అప్పుడే కటింగ్ చేయిస్తే చెవుల పక్కన తెల్లగా కనబడుతుందని నాలుగు రోజుల ముందే చేయించుకున్నా. సన్న చారల చొక్కా కెమెరాలో అలలు అలలుగా కనబడుతుందని తెలిసి నేవీ బ్లూ ప్లెయిన్ చొక్కా తీశా. మారతహళ్ళి నుంచి ఆటోలో ఆ ట్రాఫిక్‌లో కూర్చుంటే ఇస్త్రీ నలిగిపోతుంది కదా, అందుకని టీషర్ట్ వేసుకుని, చొక్కాని హ్యాంగర్‌కి తగిలించి దారంతా చేత్తో పట్టుకున్నా. కళ్ళజోడులో లైట్లు మెరిస్తే కాడలు చెవుల మీద కాస్త పైకెత్తాలని కూడా నేర్చుకుని వెళ్ళా. పెళ్ళిచూపులకి కూడా ఇంత టెన్షన్ పడలేదు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఒక్కటీ సిద్ధం చేసుకోలేదు. దెబ్బ అక్కడే పడింది.

షూట్ పావుగంటలో అయిపోయింది. తీసినాయన మంచివాడే, గడ్డం ఎటు తిప్పాలో ఓపిగ్గా చెప్పాడు. కథంతా కౌంటర్ దగ్గర. 999కి ఎడిట్ చేసిన ఫొటో ఒక్కటే ఇస్తారట. ఇంకో రెండు కావాలంటే ఒక్కోదానికి 450. పెద్ద సైజు ఫైలుకి 800. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్‌టీ. అంత దూరం వెళ్ళి, అన్ని ఫొటోలు తీయించుకున్నాక ఎవరైనా లేచి వచ్చేస్తారా? యూపీఐలో కట్టేశా. ఇచ్చిన గులాబీ రంగు చీటీ మీద జీఎస్‌టీ నంబరే లేదు. పన్ను వసూలు చేసినప్పుడు బిల్లు మీద ఆ నంబర్ ఉండి తీరాలి. అది నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఐదు రోజుల తర్వాత ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. అనంతపురంలో ఉన్న అమ్మకి పంపా. వెంటనే ఫోన్. "ఎవర్రా ఈ పిల్లోడు? నీ మచ్చ ఏమైపాయ?" అంది. అప్పుడు చూసుకున్నా. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు కోసం రాయించిన మచ్చ అది! రంగు కూడా రెండు మూడు షేడ్లు తెల్లబడింది. చర్మం మైనం పూసినట్టుంది. అడిగితే, అందరి ఫొటోలకీ ఒకే సెట్టింగ్ వేస్తామండీ అన్నారు. మళ్ళీ చేయాలంటే మళ్ళీ 450.

సైజు సంగతి ఇంకా అన్యాయం. వచ్చిన ఫొటో 640 పిక్సెళ్ళు. లింక్డ్‌ఇన్‌కి 400 ఉన్నా చాలు కాబట్టి అక్కడ గండం గడుస్తుంది. కానీ మా ఆఫీసువాళ్ళు అడిగింది ఒక కార్యక్రమంలో పెట్టే స్టాండీకి, అంటే నిలబెట్టే పెద్ద బ్యానర్‌కి. మంచి ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్ళు లెక్క వేస్తారు, అంటే నా ఫొటో రెండంగుళాలకి మించి రాదు. 800 కట్టిన పెద్ద ఫైలు ఏదని అడిగితే 3,000 పిక్సెళ్ళది పంపారు. జూమ్ చేస్తే కనుబొమ్మల వెంట్రుకలు విడివిడిగా లేవు, కాటుక పులిమినట్టు ఒకటే ముద్ద. ఆ చిన్న ఫొటోనే సాగదీసి పంపారన్నమాట. మీ ఫైలు రాగానే మొదట కనుబొమ్మలు, కనురెప్పలు జూమ్ చేసి చూడండి. ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టమనండి. వాట్సాప్‌లోనే పంపుతామంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది.

ఇంకొకటి. ఆ చీటీ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'ఫొటోల మీద హక్కులన్నీ స్టూడియోవే, ప్రచారానికి వాడుకుంటాం' అని ఉంది. దాని కిందే నా సంతకం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి మనం తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారులం మనమే. వేరే ఒప్పందం ఉంటే మాత్రం కాదు. నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన ఒప్పందం అదే. మీరు ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టండి, ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండి.

అడ్వాన్స్ కట్టేముందే పన్నుతో కలిపి మొత్తం ఎంత, ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తారు, ఎన్ని పిక్సెళ్ళు అనేది వాట్సాప్ మెసేజ్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. మచ్చలు, రంగు ముట్టుకోవద్దని కూడా అందులోనే రాయండి.

నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా. తెలుగులోనే మాట్లాడొచ్చు. యాడ్ స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, ఆ గులాబీ చీటీ జతచేసి ఫిర్యాదు పెట్టా. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు కేసులకి అక్కడ ఫీజు లేదు. స్టాండీ మీదకి మాత్రం మా రూమ్మేట్ పొద్దున ఏడింటికి బాల్కనీలో ఫోన్‌తో తీసిన ఫొటో వెళ్ళింది, మచ్చతో సహా.