కృష్ణ ఒడ్డున గాలపు యాత్ర: ఏ చోటికి, ఏ నెలలో

గాలం పట్టుకుని నదికి వెళ్ళాలనుకునేవారు మొదట అడిగేది ఏ చోటు మంచిదని. గత ఏడాది ఆషాఢంలో ఒకసారి, కార్తికం వెళ్ళిన తరువాత మరొకసారి, గుంటూరులో ఉండే మా బావమరిదితో కలిసి ఇబ్రహీంపట్నం నుంచి నాగాయలంక వరకు కృష్ణ ఒడ్డున తిరిగాను. ఆ రెండు ప్రయాణాల తరువాత, చోటు కంటే ముందు నెల చూసుకోవాలన్న అభిప్రాయం నాకు గట్టిగా ఏర్పడింది.

ఆషాఢంలో మేము వెళ్ళింది ఇబ్రహీంపట్నం ఫెర్రీకి. పోలవరం కుడి కాలువ వెంట వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం అక్కడే ఉంది. విజయవాడ నుంచి దగ్గర కావడం వల్ల బస కోసం వెతకవలసిన పని లేదు, ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి చేరవచ్చు. ఘాటు మెట్లు విశాలంగా ఉన్నాయి కాని నీడ తక్కువ, పది గంటలు దాటితే పెద్దవారు నిలబడడం కష్టం. చోటుగా చూస్తే దానికి మంచి మార్కులే వేస్తాను. అయితే ఆ ఉదయం మాకు పడిన రెండు బొచ్చె చేపలూ జనతో, అంటే గుడ్లతో, నిండి ఉన్నాయి. పక్కనే వల ఆరవేసుకుంటున్న ఒక పెద్దాయన వాటి పొట్ట నొక్కి చూసి, "కడుపుతో ఉన్న చేపండీ. మాకంటే పొట్ట కోసం తప్పదు, మీకేమి అవసరం బాబూ?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రోజు తెచ్చిన చేప మా ఇంట్లో వండారు కాని నాకు ముద్ద దిగలేదు.

ఆయన అన్నది శాస్త్రం కూడా చెప్పేదే. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలు నిలవనీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. తొలకరి తరువాత ఎర్రనీరు పొంగి ఒడ్డు పల్లాలను ముంచెత్తినప్పుడే పెడతాయి. అందువల్లనే ఒకప్పుడు చేపపిల్ల కోసం చెరువుల వారు నదుల మీద ఆధారపడేవారు. 1957 జూలై 10న మత్స్య శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌదరి, అలికున్హి చేప మెదడు అడుగున ఉండే గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ చేపలచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు, ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నాము. మన ప్రకాశం బ్యారేజీ నిర్మాణం పూర్తయినది కూడా 1957లోనే. చెరువుకు నదితో అవసరం తీరిన ఏడే, నదిలో చేప ఎగువకు పోయే దారికి 70 గేట్లు అడ్డంగా నిలిచాయన్నమాట. మిగిలిన దారిలోనైనా ఆషాఢ శ్రావణాలలో సరదా గాలం వేయకుండా ఉండడం మన చేతిలో ఉన్న పని.

బ్యారేజీ దిగువన గాలం వేయాలని చాలామంది ఉత్సాహపడతారు. నేను వద్దనే చెబుతాను. గేట్లు దించి ఉన్నప్పుడు అక్కడ ఇసుక మేటలు, మడుగులు మాత్రమే ఉంటాయి. ఆ మడుగులలో చిక్కుకుపోయిన చేపను పట్టడంలో నేర్పు ఏమీ లేదు, పైగా నీరు వదిలితే ప్రాణానికే ముప్పు. ఎగువనున్న భవానీ ద్వీపం కుటుంబంతో ఒక పూట గడపడానికి, పర్యాటక సంస్థ కాటేజీలలో ఒక రాత్రి ఉండడానికి బాగుంటుంది, కాని పడవల రాకపోకల మధ్య అది గాలానికి అనువైన చోటు కాదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ద్వీపం కూడా మునిగింది కాబట్టి, వానాకాలంలో వెళ్ళేవారు ముందుగా ఫోను చేసి తెలుసుకోవడం మంచిది.

మార్గశిరంలో దివిసీమకు వెళ్ళాము. విజయవాడ నుంచి అవనిగడ్డ 60 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పులిగడ్డ అక్విడక్టు దాటిన తరువాత గాలిలో ఉప్పు వాసన తగులుతుంది, నీటికి పోటూ పాటూ మొదలవుతాయి. బస విషయంలో మాత్రం అక్కడ నిరాశే మిగిలింది. ఫోనులో వేడినీళ్ళు, జనరేటరు ఉన్నాయని చెప్పిన లాడ్జిలో రెండూ లేవు, పక్కలు శుభ్రంగా లేవు, తెల్లవారుజామున నాలుగు గంటలకు బయటి గేటు తీయడానికి మనిషి లేక పోటు సమయం అరగంట పోగొట్టుకున్నాము. మరుసటి రాత్రి నాగాయలంకలో ఒకరి ఇంటి మేడగదిలో దిగాము. గది చిన్నదే, కాని ఆ ఇల్లాలు తెల్లవారుజామునే ఇడ్లీ కట్టి ఇచ్చింది. మా గాలాలను ఎండలో పడకుండా వసారాలో ఆనించి పెట్టింది. గాలం పట్టేవారికి కావలసిన బస అటువంటిది.

నాగాయలంకలో శ్రీరామపాద క్షేత్రం ఘాటు దగ్గర కుదుర్చుకున్న పడవ మనిషి బేరం కంటే ముందు రెండు విషయాలు చెప్పాడు: మడ అడవుల అభయారణ్యం హద్దు లోపలికి పడవ పోనివ్వడు, అమావాస్య పోటు బలంగా ఉంటే వెనక్కి తిప్పేస్తాడు. ఆ మాటలతోనే అతని మీద నమ్మకం కుదిరింది. పాయలో సూర్యోదయం తరువాత గంటకు మా బావమరిది గాలానికి పండుగప్ప పడింది. పావుగంట పెనుగులాడి పడవ పక్కకు తెచ్చిన తరువాత కొలిస్తే 84 సెంటీమీటర్లు ఉంది.

పండుగప్పది సాల్మన్‌కు ఎదురు నడక. సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన నదికి ఎదురీదుతుంది, గోదావరి వరదలో మన పులస కూడా అలాగే నది ఎక్కుతుంది. పండుగప్ప మాత్రం నదిలో పెరిగి గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి దిగుతుంది. ఇది మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. కాబట్టి బాగా పెద్ద చేపలన్నిటినీ పట్టేస్తే తల్లిచేపలనే ఏరినట్టవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అందువల్లనే 58 సెంటీమీటర్లకు తక్కువ, 120కి ఎక్కువ ఉన్న పండుగప్పను ఉంచుకోనివ్వరు, తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు దాని వేటనే ఆపుతారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రతి ఏటా తిరిగివచ్చే సాల్మన్ ఎంతో అంచనా కట్టి, నది వారీగా, జాతి వారీగా వేట రోజులు ప్రకటిస్తారు. హేచరీలో పెంచి వదిలే పిల్లలలో చాలావాటికి వీపు మీద తోక వైపున ఉండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరిస్తారు, అందువల్ల గాలానికి పడింది పెంచినదో నదిలో పుట్టినదో వేటగాడికి చూడగానే తెలుస్తుంది. చాలా నదులలో రెక్క ఉన్నదాన్ని తిరిగి వదలాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో యంత్రపు పడవల వేట నిలిపివేస్తారు, ఆ కాలానికి మన రాష్ట్రంలో మత్స్యకారులకు ఇచ్చే సాయాన్ని 2025లో 20,000 రూపాయలు చేశారు. కృష్ణలో సరదాకు గాలం వేసే మావంటివారికి కూడా అటువంటి నెలలూ కొలతలూ ఏర్పరచాలని నేను బలంగా కోరుతున్నాను.

పాయలో మాకు పడిన ఆ పండుగప్పను వదిలేద్దామని నేను అన్నప్పుడు మా బావమరిది ముఖం చిన్నబుచ్చుకున్నాడు, పడవ మనిషి అంతకంటే ఎక్కువగా బాధపడ్డాడు. "అమ్మితే మా ఇంటికి వారం గడుస్తుందయ్యా" అన్నాడు. అతని మాట న్యాయమైనది. పడవ బాడుగ ఇస్తే సరిపోతుందని అంతవరకు నేను అనుకున్నాను. చేప నీటికి పోతే నష్టపోయేది ఎవరో ఆలోచించలేదు. బజారు ధర ఎంత పలుకుతుందో అతన్నే చెప్పమని, ఆ మొత్తం బాడుగ మీద కలిపి ఇచ్చాను. అప్పుడు అతనే తడిచేతులతో గాలం విప్పి, చేప మూతి పోటుకు ఎదురుగా పెట్టి, మొప్పలు ఆడేవరకు పట్టుకుని వదిలాడు. వచ్చే మార్గశిరానికి అదే పడవ, అదే మేడగది చెప్పి వచ్చాము, చేప ధర సంగతి కూడా ముందే మాట్లాడుకున్నాము.