వాయిస్ నోటా, వేవ్ ఫైలా?

చిక్కడపల్లిలో మా వీధి రాత్రి పదకొండు దాటాకే సద్దుమణుగుతుంది. అప్పుడు అక్క పాడుతుంది, నేను హార్మోనియం వాయిస్తాను. ఆ పాటను రికార్డు చేసి బంధువులకు పంపడానికి రెండు దారులున్నాయి.

వాట్సాప్‌లో వాయిస్ నోట్ పెడితే క్షణంలో బంధువులందరికీ చేరుతుంది. కానీ అది మాటల కోసం పుట్టింది, శబ్దాన్ని బాగా కుదించేస్తుంది. గొంతు వినిపిస్తుంది గానీ శ్రుతి వెనక్కిపోతుంది, గమకాల అంచులు అరిగిపోతాయి.

శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (.wav) ఫైల్ బరువే. సెకనుకు 44,100 శబ్ద నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, స్టీరియో (రెండు ఛానెళ్లు) అంటే నిమిషానికి దాదాపు 10 ఎంబీ. అయినా డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా.

కొత్త వరస ఎలా ఉందో అడగడానికి నాకు వాయిస్ నోట్ చాలు. అమ్మమ్మ పాడిన మంగళహారతి మాత్రం వేవ్‌లోనే పంపాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్న పిన్ని, "అమ్మ గాజుల చప్పుడు కూడా వినిపించిందిరా" అంది.