ఎక్స్270 మేలా, ఎక్స్280 మేలా?

సంచిలో వేసుకుని తిరగడానికి తేలికైన పాత ల్యాప్‌టాప్ వెతుకుతున్నవారు నన్ను అడిగేది చివరికి ఒకటే: లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఎక్స్270 తీసుకోవాలా, ఎక్స్280నా? ఈమధ్యే నేనూ ఈ రెండింటి మధ్య ఊగిసలాడి ఒకటి కొన్నాను కాబట్టి నా లెక్క చెబుతాను.

కాగితం మీద 2018 నాటి ఎక్స్280దే పైచేయి. బరువు 1.2 కిలోల లోపే మొదలు. ఎక్కువ వాటిలో ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, అందులో నాలుగు కోర్లు (పని పంచుకునే భాగాలు) ఉంటాయి. 2017లో వచ్చిన ఎక్స్270లో రెండే కోర్లు, బరువు 1.3 కిలోల నుంచి మొదలు.

అయినా నేను ఎక్స్270 తీసుకున్నాను. కారణం బ్యాటరీ. ప్రాసెసర్ కొత్తలో ఎంత వేగంగా నడిచిందో ఇప్పుడూ ఇంచుమించు అంతే నడుస్తుంది. బ్యాటరీ అలా కాదు, వాడినా వాడకపోయినా ఏటేటా అరిగిపోతుంది. ఎక్స్280లో అది లోపల బిగించి ఉంటుంది. మార్చాలంటే అడుగు మూత విప్పాల్సిందే. ఎక్స్270లో రెండు బ్యాటరీలు: లోపల సుమారు 23 వాట్-అవర్లది (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత ఇది) ఒకటి, వెనక ఊడదీయగలిగేది ఇంకొకటి. వెనకది 72 వాట్-అవర్ల దాకా దొరుకుతుంది. ముందు ఖాళీ అయ్యేది కూడా సాధారణంగా వెనకదే. అడుగున గొళ్లాలు జరిపి దాన్ని లాగేసినా తెర ఆరిపోదు, రాస్తున్న వాక్యం అలాగే ఉంటుంది. లోపలిది మోస్తుండగానే కొత్తది తోసేయవచ్చు. పెద్ద బ్యాటరీ అడుగున ఉబ్బెత్తుగా ఉండి కీబోర్డును కాస్త వాలుగా లేపుతుంది. నా చేతులకు అదే హాయిగా ఉంది. పైగా మనం మోసేది ల్యాప్‌టాప్‌ను మాత్రమే కాదు, చార్జర్‌ను కూడా. చార్జర్ ఇంట్లో వదిలి వెళ్లగలిగిన రోజున ఆ కొద్దిపాటి బరువు తేడా లెక్కలోకి రాదు.

ర్యామ్ విషయంలోనూ ఇంతే. ఎక్స్280లో అది బోర్డుకే అతికి ఉంటుంది, 8 జీబీతో కొంటే ఎప్పటికీ 8 జీబీయే. ఎక్స్270లో స్లాట్ ఒక్కటే అయినా మార్చుకోవచ్చు.

విండోస్ తప్పనిసరి అయితే మాత్రం నా మాట పక్కన పెట్టి ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న ఎక్స్280 తీసుకోండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అర్హత జాబితాలో ఎక్స్270 ప్రాసెసర్లు లేవు. నేను వాడేది విండోస్ కాదు, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ కాబట్టి ఆ చిక్కు రాలేదు.

డెల్ లాటిట్యూడ్ 7290 కూడా మంచిదే. ఎనిమిదో తరం, ర్యామ్ మార్చుకునే వీలు, కానీ బ్యాటరీ లోపలే. 2017 మ్యాక్‌బుక్ ఎయిర్ కీబోర్డు బాగుంటుంది గాని, దానికి వచ్చే మ్యాక్ ఓఎస్ 2021 నాటి మాంటెరీ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది.

ఏది కొన్నా, డబ్బు ఇచ్చే ముందు బ్యాటరీ రిపోర్టు తెరిపించి, కొత్తప్పటి కెపాసిటీతో ఇప్పటిది పోల్చి చూడండి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. ఎక్స్270లో 1366×768 తెర ఉన్నవీ తిరుగుతున్నాయి. పక్కనుంచి చూస్తే అక్షరాలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఎంత చవకగా ఇస్తామన్నా అది వద్దు, పక్కనుంచి చూసినా వెలిసిపోని ఐపీఎస్ రకం 1920×1080 తెర ఉన్నదే అడగండి.