ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్: డేటా విశ్లేషణకు ఏది మేలు?

డేటా విశ్లేషణకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న చర్చ మొదలవగానే, ఫైలు ఎంత పెద్దదన్న ప్రశ్నే ముందుగా వినిపిస్తుంది. అది అడగదగిన ప్రశ్నే గాని, దానికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఈ పని వచ్చే నెల మళ్ళీ చేయవలసి వస్తుందా? చేసిన పనిని మరొకరు మొదటి నుంచి చివరిదాకా సరిచూడగలరా? ఎక్సెల్, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పట్టికలతో పనిచేసే పాండాస్, ఈ మూడింటినీ ఆ రెండు ప్రశ్నలతోనే తూచాలని నా అభిప్రాయం. మూడింటికీ వేరువేరు బలాలున్న మాట నిజమే అయినా, అలా తూచినప్పుడు మూడూ సమానంగా నిలబడవు.

ఎక్సెల్ బలం అందరికీ తెలిసినదే. డేటా కళ్ళెదుట ఉంటుంది, ఒక అంకె మార్చగానే ఫలితం పక్క గడిలో కనబడుతుంది, పివట్ టేబుల్‌తో కొద్ది నిమిషాల్లో సారాంశం తయారవుతుంది. మనం పంపిన ఫైలును తెరిచి చూడడానికి అవతలివారు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కరలేదు. కొన్ని వేల వరుసల పట్టికకు, ఒక్కసారి చేసి పక్కన పెట్టే లెక్కకు, ధర ఇంత పెరిగితే లాభం ఎంత తగ్గుతుందన్న తరహా అంచనాకు దాన్ని మించిన సాధనం లేదు.

అయితే ఎక్సెల్ మనం అడగకుండానే డేటాను మార్చేస్తుంది. సంఖ్యలలో 15 అంకెల వరకే అది కచ్చితంగా ఉంచుకుంటుంది కనుక, 16 అంకెల ఖాతా సంఖ్యలో చివరి అంకె సున్నా అయిపోతుంది. కోడ్ నంబర్ల ముందుండే సున్నాలు ఎగిరిపోతాయి. నెల పేరు, అంకె కలిసినట్టు కనబడే మాటలు తేదీలుగా మారిపోతాయి. జన్యువుల పేర్లు ఇలా తేదీలుగా మారి పరిశోధన పట్టికలు చెడిపోతూ ఉండడంతో, ఆ పేర్లను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది; మార్చ్1 మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్1 సెప్టిన్1 అయింది. ఇటీవలి వెర్షన్లలో ఈ మార్పిడిని ఆపే సెట్టింగు ఉంది, కాని దాన్ని వెతికి ఆపుకోవలసిన భారం వాడేవారిదే.

వరుసల పరిమితి అంతకంటే ప్రమాదకరం. ఇప్పటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి; పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో పట్టేవి 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్‌లోని ప్రజారోగ్య సంస్థ కోవిడ్ పరీక్షల ఫలితాలను ఆ పాత తరహా ఫైళ్ళలోకి ఎక్కించినప్పుడు, పరిమితి దాటిన వరుసలు రాలిపోయి దాదాపు 16 వేల కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వారితో మెలిగినవారిని గుర్తించే పనీ ఆలస్యమైంది. దీనికి తోడు, చేసిన మార్పులన్నీ మౌస్‌తోనే చేసినప్పుడు ఏ గడిలో ఎవరు ఏమి మార్చారన్నది తర్వాత చూసేవారికి తెలియదు. ఎక్సెల్‌లోనే ఉన్న పవర్ క్వెరీ ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. శుభ్రం చేసిన ప్రతి మెట్టునూ వరుసగా నమోదు చేసి, కొత్త ఫైలు రాగానే అవే మెట్లను మళ్ళీ నడుపుతుంది. ఎక్సెల్‌ను విడిచిపెట్టలేనివారు ముందుగా నేర్చుకోవలసినది అదే.

ఎస్‌క్యూఎల్ 1970లలో ఐబీఎమ్‌లో పుట్టింది, 1986లో ప్రామాణిక భాషగా గుర్తింపు పొందింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేర్చుకున్నది వృథా కాని భాష ఇది. క్వెరీ అంటే మనకేమి కావాలో చెప్పే వాక్యం. మూల డేటాను అది ముట్టుకోదు, అడిగిన జవాబును వేరుగా ఇస్తుంది. అదే క్వెరీని వచ్చే నెల డేటా మీద నడపవచ్చు, మరొకరికి పంపి సరిచూడమనవచ్చు. మొదట చెప్పిన రెండు ప్రశ్నలకూ ఇంత సూటిగా జవాబిచ్చే సాధనం నాకు మరొకటి కనబడదు. దీనికి సర్వర్ కావాలి, నిర్వాహకులు కావాలి అన్న అభ్యంతరం కూడా ఇప్పుడు చెల్లదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన కేంద్రం నుంచి 2019లో వెలువడిన డక్‌డీబీ అనే డేటాబేస్ మామూలు లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైలు పేరునే టేబుల్ పేరు స్థానంలో రాసి క్వెరీ నడపవచ్చు. డేటా మెమరీలో పట్టకపోతే మిగిలిన భాగాన్ని చాలా సందర్భాల్లో డిస్కు మీద ఉంచి పని పూర్తి చేస్తుంది.

ఈ మూడింటి తేడా రెండు టేబుళ్ళను కలిపేటప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అమ్మకాల టేబుల్‌లో ఒక్కో బిల్లుకు ఒక్కో వరుస ఉందనుకుందాం. కస్టమర్ల టేబుల్‌లో ఒక్కొక్కరికి ఒకే వరుస ఉండాలి, కాని ఒక కస్టమర్ చిరునామా మారినప్పుడు పాతది తీసేయకుండానే కొత్తది చేర్చారు. ఎక్సెల్‌లో మరో పట్టిక నుంచి విలువ వెతికి తెచ్చే వీ-లుకప్ మొదట దొరికిన వరుసనే తీసుకుంటుంది; మొత్తం సరిగానే ఉంటుంది, ఆ కస్టమర్ బిల్లులన్నీ పాత ఊరి లెక్కలో పడతాయి, రెండో వరుస ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఎస్‌క్యూఎల్‌లో టేబుళ్ళను కలిపే జాయిన్‌లో ఆ కస్టమర్ బిల్లులు రెండేసి సార్లు వచ్చి మొత్తం పెరిగిపోతుంది. జాయిన్‌కు ముందు మొత్తాన్నీ తర్వాత మొత్తాన్నీ పోల్చే అలవాటున్నవారు అక్కడే పట్టుకుంటారు. కస్టమర్ నంబరును ప్రైమరీ కీగా, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడని కాలమ్‌గా, పెట్టి ఉంటే ఆ రెండో వరుస అసలు లోపలికే రాదు. పాండాస్‌లో అదే పని చేసే మెర్జ్ కూడా మామూలుగా బిల్లులను రెండింతలు చేస్తుంది, కాని వ్యాలిడేట్ అన్న చోట ఒక్కో కస్టమర్‌కు ఒక్క వరుసే ఉండాలని రాస్తే, అలా లేనప్పుడు ఎర్రర్ చూపి ఆగిపోతుంది. తప్పును దాచే సాధనం కంటే తప్పు మొత్తంలో బయటపడేలా చేసేది మేలు, పని ఆపేసేది ఇంకా మేలు.

అలాగని పాండాస్‌ను మొదటి స్థానంలో పెట్టలేను. చిందరవందరగా ఉన్న తేదీలనూ పేర్లనూ సరిచేయడానికి, గ్రాఫులకు, గణాంక నమూనాలకు, మెషీన్ లెర్నింగ్‌కు పైథాన్ సాటిలేనిది. గణాంక శాస్త్రమే ప్రధానమైనవారికి ఆర్ భాష కూడా అంతే బలమైనది. కాని పాండాస్ డేటా మొత్తాన్నీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. డేటాకు 5 నుంచి 10 రెట్లు ర్యామ్ ఉండాలని దాని సృష్టికర్త వెస్ మెకిన్నీయే చెప్పారు. పూర్ణ సంఖ్యల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, మామూలుగా చదివినప్పుడు కాలమ్ మొత్తం దశాంశ సంఖ్యలుగా మారిపోతుంది కనుక, ఎక్సెల్‌లో చెడిన ఆ 16 అంకెల ఖాతా సంఖ్య ఇక్కడా చెడే అవకాశముంది. తేడా ఏమిటంటే, ఆ కాలమ్‌ను అక్షరాలుగా చదవమని కోడ్‌లో ఒక్కసారి రాస్తే చాలు, అది ఎప్పటికీ అలాగే ఉంటుంది, చదివినవారికి కనబడుతుంది. కోడ్‌ను సెల్స్ అనే ముక్కలుగా రాసి నడిపే నోట్‌బుక్‌లో ఆ సెల్స్‌ను ముందువెనుకలుగా నడిపేవారు మాత్రం ఫలితాన్ని ఎవరికైనా పంపేముందు కెర్నెల్‌ను (వెనుక కోడ్‌ను నడిపే భాగాన్ని) రీస్టార్ట్ చేసి, పై నుంచి కింది దాకా ఒకసారి నడిపి చూడాలి.

కాబట్టి ఎక్సెల్ వచ్చినవారు తర్వాత నేర్చుకోవలసినది ఎస్‌క్యూఎల్. పైథాన్ దాని తర్వాత. వడపోత, జాయిన్, కూడికలు క్వెరీలో ముగించి, మిగిలిన చిన్న పట్టికను పాండాస్‌కు అందిస్తే మెమరీ సమస్య చాలామందికి ఎదురే కాదు.

యంత్రం విషయంలో చెప్పవలసినది తక్కువ. కోటి వరుసలు, సంఖ్యలుండే పది కాలమ్‌లు ఉన్న పట్టిక, ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున, మెమరీలో 800 ఎంబీ తీసుకుంటుంది. మధ్యలో తయారయ్యే నకళ్ళను కలుపుకుంటే 8 జీబీ ర్యామ్ ఇరుకవుతుంది, 16 జీబీ సరిపోతుంది. డీప్ లెర్నింగ్ చేయనివారు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టే డబ్బును ర్యామ్ మీద, ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం మంచిది. డేటా ఇప్పటికే సంస్థ సర్వర్‌లోనో క్లౌడ్‌లోనో ఉంటే దాన్నంతా లాప్‌టాప్‌లోకి దింపుకోకుండా, క్వెరీని అక్కడే నడిపి ఫలితాన్ని మాత్రం తెచ్చుకోవాలి. ఇక యంత్రం నెమ్మదిగా ఉందని కొత్తది కొనేముందు, పెద్ద సీఎస్‌వీ ఫైళ్ళను పార్కే ఫైళ్ళుగా మార్చి చూడడం అవసరం. పార్కే డేటాను కాలమ్‌ల వారీగా కుదించి దాస్తుంది, ఏ కాలమ్ ఏ రకమో కూడా గుర్తుంచుకుంటుంది. నలభై కాలమ్‌లలో మూడే కావాలన్న క్వెరీకి డక్‌డీబీ ఆ మూడింటినే చదువుతుంది.